ఆ ఇంట్లో హ్యారియెట్ లేదు

"బయట బల్ల మీద ఒకామె పొద్దున ఏడింటినుంచీ కూర్చుంది సార్. మిమ్మల్నే చూడాలట," అన్నాడు సార్జెంట్ హాబ్‌డే.

ఇన్‌స్పెక్టర్ ట్రెడ్‌గోల్డ్ కోటు తొడుక్కుంటూ తలుపు అద్దంలోంచి చూశాడు.

ఒక రేకు పెట్టె. దాని మీద తడిసిన గొడుగు. బట్టల సోడా నీళ్లకు పగిలిపోయిన ఎర్రటి చేతులు.

"ఎవరు?"

"వేన్ గారింట్లో పనిమనిషి. పేరడిగితే ఎమ్మా అంది. నిన్న పనిలోంచి తీసేశారట. సంగతేమిటో మీకే చెబుతుందట."

"ఎమ్మానా? దాన్ని నేనప్పుడే విచారించాను. దొరసాని పక్కన నిలబడి 'నేనేం చూళ్లేదండీ' అని మూడుసార్లంది. వాంగ్మూలం కింద ఇంటూ మార్కు పెట్టింది. ఇప్పుడు సిఫారసు ఉత్తరం కోసం వచ్చుంటుంది. అది లేకపోతే లండన్‌లో ఎవరు పనిలో పెట్టుకుంటారు?"

"ఏం చెప్పమంటారు మరి?"

"లేనని చెప్పు."

పెరటి గుమ్మంలోంచి జారుకుని గుర్రబ్బండి ఎక్కాడు.

అతనికి నిద్ర లేక నాలుగు రోజులైంది. రేపు పదింటికి నర్సు జుడిత్ ఆర్మ్ కేసు విచారణకొస్తుంది. ముసలి వేన్ దొరని మందులో విషం కలిపి చంపిందని నేరం. రుజువైతే ఉరి.

ఆమె కలపలేదని ట్రెడ్‌గోల్డ్‌కి తెలుసు.

తెలియజేసినవి మూడు ఉత్తరాలు.

ఎలకల మందు డబ్బా ఏ అరలోంచి ఏ అరలోకి మారిందో మొదటి ఉత్తరం చెప్పింది. దొర మేనల్లుడి గదిలో, కుంపటి బూడిదలో, సగం కాలిన పొట్లం దొరికిందని రెండోది చెప్పింది.

మూడోది అసలైంది.

"ఆ సాయంత్రం మేడ మీది నడవాకి మైనం పట్టించారు. తెల్లారేదాకా అది ఆరదు. ఐదింటికి చూస్తే నర్సు గది ముందు ఒక్క అడుగు లేదు. మేనల్లుడి గది నుంచి దొర గదికి వెళ్లిన అడుగులున్నాయి, తిరిగొచ్చిన అడుగులున్నాయి. ఆరింటికి వాటిని తుడిచేశారు. కోర్టుకొచ్చి ప్రమాణం చేసి చెప్పడానికి సిద్ధం. హ్యారియెట్ పెల్."

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చదువుకున్న మనిషి. ఆ ఇంట్లో కొన్నాళ్లున్న ఏ పంతులమ్మో అయ్యుంటుందనుకున్నాడు.

"హ్యారియెట్టా? మా ఇంట్లో ఆ పేరు గల మనిషి ఎప్పుడూ లేదు," అంది వేన్ దొరసాని.

ఆమె అబద్ధమాడడం లేదు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అతనికి ఆ మాత్రం తెలుసు.

కింద వంటగదిలో వంటమనిషి మిసెస్ టింక్లర్ కూడా తల అడ్డంగా ఊపేసింది.

"పదకొండేళ్లుగా ఈ పొయ్యి ముందే ఉన్నానండీ, ఆ పేరే వినలేదు. కాసిని టీ తాగండి బాబూ. మీ మొహం చూస్తుంటే ఉరి మీకే వేసేట్టున్నారు."

పక్కిళ్లు వెతికాడు. బడులు వెతికాడు. చర్చిలో పేర్ల పుస్తకం వెతికాడు.

హ్యారియెట్ పెల్ ఎక్కడా లేదు.

సాయంత్రం ఆరింటికి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి స్టేషన్ బల్ల ఖాళీగా ఉంది.

"ఐదింటిదాకా కూర్చుంది సార్," అన్నాడు హాబ్‌డే. "వచ్చారా, వచ్చారా అని ప్రాణం తీసింది. చివరికి పెట్టె పట్టుకుని పోయింది."

"హమ్మయ్య," అన్నాడు ట్రెడ్‌గోల్డ్.

మర్నాడు కోర్టులో ఉత్తరాలు చూపించాడు.

"రాసిన మనిషేదీ?" అన్నాడు జడ్జి.

"దొరకలేదండీ."

"ఉత్తరాలు బైబిల్ మీద చెయ్యి వేయలేవు ఇన్‌స్పెక్టర్."

జ్యూరీకి ఇరవై నిమిషాలు చాలాయి. జడ్జి నెత్తిన నల్లగుడ్డ వేసుకుని ఉరిశిక్ష చదువుతుంటే, జుడిత్ ఆర్మ్ గ్లాసుడు మంచినీళ్లడిగింది. అంతే.

ట్రెడ్‌గోల్డ్ మెట్లు దిగుతుంటే ఎవరో చేయి పట్టుకుని ఆపారు. మిసెస్ టింక్లర్. వానలో నిలువునా తడిసిపోయి ఉంది.

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నానండీ. వంటమనిషికి లోపలేం పనని గేటు దగ్గర గెంటేశారు. మీరడిగిన హ్యారియెట్ ఎవరో తెలిసింది."

"ఎక్కడుంది?"

"సముద్రం మీద. తెల్లారగట్ల కెనడా ఓడ వెళ్లిపోయింది."



"నిన్న చెప్పలేదేం?"

"నాకు తెలిస్తే కదా! సాయంత్రం మీరెళ్లాక, వెళ్లొస్తానని చెప్పడానికొచ్చి, తన పేరూ అక్కడి అడ్రసూ రాసిచ్చింది. దొరసాని గంట కొట్టడంతో రెండు మాటలైనా ఆడలేకపోయాం. నాకా చదువు రాదు. ఈ పొద్దున పాలవాడు చదివి చెబితే గుండె ఆగిపోయింది."

"నర్సు గురించేమీ అనలేదా?"

"అంది. 'నర్సమ్మకేం కాదులే, ఆ ఇన్‌స్పెక్టర్ బుద్ధిమంతుడు, చూసుకుంటాడు' అంది."



"ఎవరామె?"

"మా దొరసానికి పనివాళ్ల పేర్లు నేర్చుకునే ఓపిక లేదండీ. ఇల్లు తుడిచే పిల్ల ఎవరొచ్చినా ఒకటే పేరు తగిలిస్తుంది. దీని ముందు ఇద్దరికీ అదే పేరు. తొమ్మిదేళ్లు అలా పిలిచాక అసలు పేరు మాకెవరికీ తెలీదు, ఎవరడిగినా దాని నోటికీ ఆ తగిలించిన పేరే వస్తుంది. చదువొచ్చిన పనివాళ్లను దొరసాని ఉంచుకోదని రాతంతా దాచుకుంది పాపం. మొన్న దిండు కింద సిరాబుడ్డి బయటపడింది, ఆ పూటే సిఫారసు ఉత్తరమైనా ఇవ్వకుండా గెంటేశారు. ఇక్కడిక పని దొరకదనే ఓడెక్కింది."

ఆమె శాలువా అంచుతో మొహం తుడుచుకుంది.

"మీ స్టేషన్ బల్ల మీద రోజంతా కూర్చున్న మా ఎమ్మాయేనండీ హ్యారియెట్ పెల్."