నురగ పాట

“అమ్మా, మీకు దండం పెడతాను, ఆ పాట ఆపండి. నాకు కలలో కూడా అదే!” అంది నర్సు, సెలైన్ సీసా మారుస్తూ.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ నవ్వింది. చలనం లేని భర్త కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని మళ్లీ అందుకుంది.

“నురగ నురగ నురగమ్మా, చొక్కా తెల్లబడిందమ్మా!”

ఒకప్పుడు రేడియోలో మోగిన సబ్బు ప్రకటన అది. యాభై దాటినవాళ్లందరికీ నోటికొచ్చు. చివర్లో గొంతు పైకి లేవాలి. ఆవిడ మాత్రం దబ్బున కిందికి దించేసేది. రోజుకు వందసార్లు పాడినా అదే తప్పు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఆయన వాయిద్యాలకు శ్రుతి చేసే మేస్త్రీ. పక్షవాతం వచ్చి నెల కావస్తోంది. నోట మాట లేదు. “మాట ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం” అని డాక్టరు చెప్పిన రోజే ఆవిడ ఈ పాట పట్టుకుంది.

అది వార్డంతా అంటుకుంది. తుడిచే ఆమె చీపురు ఊపులోనూ అదే. కాలికి కట్టుతో పడుకున్న లారీ డ్రైవరు నోటా అదే. పైగా అందరూ ఆవిడ తప్పుతో సహా పాడేస్తున్నారు.

డ్రైవరుకే ముందు ఒళ్లు మండింది.

“పెద్దమ్మా, అలా కాదు. చివర పైకి వెళ్లాలి, ఇదిగో ఇలా,” అని పాడి చూపించాడు.

“అలాగా నాయనా?” అంది ఆవిడ. మళ్లీ కిందికే దించింది.

“చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది,” అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

నర్సు పైకి విసుక్కున్నా లోలోపల ఆవిడకు మొక్కేది. గొంతు బొంగురుపోయినా, ఆయన చూపు గోడ మీదనుంచి కదలకపోయినా, ఒక్క పూట మానలేదు మహాతల్లి.

ఆ మధ్యాహ్నం నర్సు మాత్రలు తెచ్చేసరికి ఆవిడ ఎప్పట్లాగే చివరి మాట దించింది. ఆయన మొహం చిట్లించాడు. పెదాలు వణికాయి.

“త... తప్పు!”

నర్సు చేతిలో మాత్రలు నేలపాలయ్యాయి.

“తప్పు. పైకి... తెల్ల... బడిందమ్మా!” ఆయన గొంతు లేచింది. సరిగ్గా ఎక్కడికి లేవాలో అక్కడికే.

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ఆవిడ భర్త చేతిని చెంపకు ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇంకోసారి తిట్టండి,” అంది.

సాయంత్రం వాళ్ల కూతురు వచ్చింది. నర్సు మెట్ల దగ్గరే ఎదురెళ్లి జరిగిందంతా ఆయాసపడుతూ చెప్పింది.

“మీ అమ్మగారికి పాట సరిగ్గా రాకపోవడమే మేలైందండీ!”

కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“ఆ పాట కట్టిందే మా అమ్మండీ.”