తువ్వాలు వేసిన సీటు

మంగాయమ్మ సంచిలో రెండు లుంగీలు పెట్టింది. ఒకటి తీసేసింది.

"మళ్ళీ ఎందుకు తీశావే?" అన్నాడు గంగరాజు.

"ఎక్కువ సర్దితే అక్కడే ఉంచేసుకుంటారేమోనండి."

గంగరాజు నవ్వబోయి, డొక్కలో చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు.

ఆయనకి వచ్చింది అరుదైన క్యాన్సరట. డాక్టరుగారు రెండుసార్లు చెప్పినా ఆ పేరు ఆమెకి నోరు తిరగలేదు. ఒక్క మాటే గుర్తుంది. జబ్బు ఎముకల్లో మూలుగదాకా పాకకపోతే మందుంది. పాకితే చెప్పలేం.

అది తేల్చే పరీక్ష ఇవాళే, విజయవాడలో.

పెదపాడు నుంచి ఆటోలో ఏలూరు బస్టాండు చేరేసరికి విజయవాడ బస్సు నిండిపోయింది. ముందు సీటు మీద మాత్రం ఎర్ర తువ్వాలు పరిచి ఉంది.

కిటికీలోంచి తువ్వాలు ఎవరు ముందు విసిరితే సీటు వాళ్ళది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే బస్టాండంతా గొడవే.

"ఎవరిదయ్యా తువ్వాలు?" అంది మంగాయమ్మ.

"నాదేనండి. మీరు కూర్చోండి. పెద్దాయన నించోలేకపోతున్నారు."

రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు ఆ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎండలు ముదిరినా నెత్తిన ఉన్ని టోపీ.

"మరి నువ్వో?"

"కూర్చుంటే నిద్దరొచ్చేస్తదండి. కలిదిండిలో చేపల చెరువు కాపలా. ఎలీయాజరంటారండి."

"బస్సులో కూడా కాపలాయేనా?"

"ఆయ్, అలవాటు పోదు కదండీ."

టోపీ కూడా చెరువు గట్టు మంచుకి అలవాటై ఉంటుందనుకుంది మంగాయమ్మ. అతను విజయవాడ దాకా నిలబడే వచ్చాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మళ్ళీ అదే ఎర్ర తువ్వాలు. ఒక కొసన ఎవరో ముసలమ్మని కూర్చోబెట్టి, రెండో కొస వీళ్ళకి చూపించాడు ఎలీయాజరు. తను గోడకి ఆనుకున్నాడు.

"ఏవండీ, వీడు సీట్ల బేరగాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి చాపుతాడు చూడండి," అంది మంగాయమ్మ మొగుడి చెవిలో.

గంగరాజు వినలేదు. పరీక్ష గది తలుపువైపే చూస్తున్నాడు.

ఎలీయాజరు దగ్గరికి వచ్చాడు. "భయపడకండి. బోర్లా పడుకోబెడతారు. నడుం వెనకాల ఎముకలో సూది. ముందు మొద్దుబారే మందిస్తారండి. మూలుగ లాగేటప్పుడే ఒక్క జలదరింపు. అప్పుడు ఊపిరి వదిలెయ్యండి."

"నీకెలా తెలుసు?" అంది మంగాయమ్మ.

"ఇక్కడే తిరుగుతుంటాను కదండీ."

బేరగాడే, సందేహం లేదనుకుంది. పరీక్ష అయ్యి వెళ్ళేటప్పుడు ఆమే ముందు తెగేసి చెప్పింది. "మా దగ్గర నీకేం రాలదయ్యా."

ఎలీయాజరు నవ్వాడు. "ఆయ్. రిపోర్టు సోమవారం కదండీ. తువ్వాలేసి ఉంచుతాను."

సోమవారం తువ్వాలు ఉంది. రిపోర్టూ వచ్చింది.

మంగాయమ్మ డాక్టరుగారి గదిలోంచి బయటికి వచ్చింది. ఎదురుగా అతనే ఉన్నాడు. చెప్పకుండా ఉండలేకపోయింది.

"పాకలేదంట."

"దేవుడికి స్తోత్రం," అన్నాడు ఎలీయాజరు. తర్వాత గోడవైపు తిరిగి, నుదురు ఆనించాడు.

మందు ఎక్కించడానికి రమ్మన్న రోజు మంగాయమ్మ రెండు లుంగీలూ సంచిలో పెట్టింది. తీయలేదు. వాటి మధ్య నిమ్మకాయ పచ్చడి సీసా, కాగితం చుట్టి పెట్టింది.

"అదెవరికే?"

"ఆ టోపీ అతనికి. బేరగాడైతే ఈపాటికి అడిగుండేవాడు కదండీ."

బస్సులో ముందు సీటు మీద ఎర్ర తువ్వాలు ఉంది. పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

"గంగరాజుగారేనా అండీ? కూర్చోండి. ఎలీయాజరుగారు మా ఆయనేనండి. నా పేరు రూతమ్మ. ఆసుపత్రిలో కాగితాలు తీసుకోవాలి, వెళ్తున్నాను. ఈ సోమవారం మీరొస్తారని, తువ్వాలు వెయ్యమని చెప్పారండి."

"తను రాలేదా? చెరువు కాపలాకి వెళ్ళాడా?" అంది మంగాయమ్మ.

"చెరువు మానేసి ఏడాది దాటిందండి."

"మరి ఆసుపత్రికి ఎందుకు తిరిగేవాడమ్మా?"

రూతమ్మ రాడ్డు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. "ఆయన కూర్చోలేకపోయేవారండి. నడుం ఎముకల్లో ఓర్చుకోలేని నొప్పి."

మంగాయమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుని పక్కకి జరిగింది. "ఇలా కూర్చో అమ్మా."

పచ్చడి సీసా సంచిలోనే ఉండిపోయింది.

గంగరాజు మందు ఎక్కించుకుని ఆ సాయంత్రమే ఇల్లు చేరాడు. మూలుగంతా జబ్బు పాకి, కూర్చోలేక ఊరందరికీ సీట్లు పట్టిన ఎలీయాజరు, అంతకుముందే, ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, అదే బస్సులో విజయవాడ వెళ్ళి ప్రాణంతో తిరిగి రాలేదు.