నిన్నెవరు పంపినారు?

“నిన్నెవరు పంపినారు?”

కామాక్షయ్య అడగడం అది మూడోసారి.

ఆమె మూడోసారీ అదే చెప్పింది.

“మిషను బడి టీచరమ్మ పంపించింది. పెద్ద తుఫాను వస్తా ఉండాది. సముద్రం ఊళ్లోకి వస్తాదంట. ఆడోళ్లనీ బిడ్డల్నీ మెరక మీదుండే బడికాడికి పంపించండి.”

కృష్ణపట్నానికి దక్షిణాన, సముద్రానికీ ఉప్పుకాలవకీ మధ్య ఇసుక మీద నిలిచిన చేపలవాళ్ల పాళెం గుల్లదిబ్బ. ఆ పాళేనికి పెద్ద కామాక్షయ్య.

నెహ్రూగారు పోయిన ఏటి కార్తీకమాసం అది. పొద్దున్నుంచీ ముసురు పట్టి ఉంది. అంతకు మించి ఏమీ కనబడలేదు.

వచ్చినామెకు నుదుట బొట్టు లేదు. మెడలో ఏమీ లేదు. మిషను మనిషేనని ఆడవాళ్లు నమ్మేశారు.

కామాక్షయ్య మాత్రం ఆమె కాళ్లకేసి చూశాడు. మోకాళ్ల దాకా నల్లటి బురద.

“బడి నుంచి మాకు బండిబాట ఉండాది. నువ్వు కాలవ దిగి ఎందుకొచ్చినావు?”

“దారి తప్పినా.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తల దించుకుంది.

కాలవకు అవతలి ఊరు తాటిదొరువు. రెండూళ్లకూ పడదు. నిరుడు రొయ్యల వలల దగ్గర కొట్లాట జరిగి, తాటిదొరువు మనిషి మునెయ్య తల పగిలి చచ్చిపోయాడు. ఎవరి పడవగెడ తగిలిందో కోర్టులో తేలలేదు.

కామాక్షయ్యకు తెలుసు.

అప్పటినుంచీ అవతలివాళ్లు ఎప్పుడు వచ్చి మీద పడతారా అని చూస్తూనే ఉన్నాడు.

“ఊరు ఖాళీ అయితే పడవలు తగలబెట్టొచ్చు. అంతేగదా?” అన్నాడు.

“పడవలకాడ మీరుండండి అన్నా. బిడ్డల్ని పంపించు చాలు.”

“దారిలో ఎవురన్నా కర్రలు పట్టుకోని కాచుకోనుంటే?”

ఆమె కాసేపు సముద్రం కేసి చూసింది.

“అయితే నన్నిక్కడే కట్టెయ్యి. వాళ్లు చేరినారని కబురొచ్చినాకనే వదులు.”

ఆ తెగువ చూసి కామాక్షయ్యకు అనుమానం ఇంకాస్త పెరిగింది. అయినా ఆడవాళ్లు అప్పటికే బిడ్డల్ని చంకనేసుకున్నారు. వాళ్లనిక ఆపలేకపోయాడు.

ఆమెను తన ఇంటి పంచలో గుంజకు కట్టేశాడు. లోపల కాళ్లు పడిపోయిన తల్లి అంకాలమ్మ ఉంది. ఇల్లు వదిలి రానని మొండికేసింది.

“అమ్మా, ఇది అరిచినా పలకొద్దు,” అని తల్లికి చెప్పి, పడవల దగ్గరికి పోయాడు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సరుగుడు చెట్లు నేలకు వంగిపోతున్నాయి. మగవాళ్లందరూ సముద్రాన్ని చూస్తున్నారు. కామాక్షయ్య ఒక్కడే కాలవ వైపు చూస్తున్నాడు.

కాలవ దాటి ఎవరూ రాలేదు.

పొద్దు వాలే వేళకు సముద్రం లేచి వచ్చింది.

కామాక్షయ్య ఇంటివైపు పరుగెత్తాడు. నాలుగడుగులు పడకముందే నీళ్లు అతణ్ణి ఎత్తి ఒక తాడిచెట్టుకు కొట్టాయి. ఆ చెట్టును కరుచుకుని బతికాడు.

తెల్లవారింది. నీళ్లు వెనక్కి తీశాక చూస్తే ఒక్క గుడిసె లేదు. పడవల్లేవు. పడవల దగ్గర నిలిచిన మగవాళ్లలో కొందరు లేరు.

ఇంటి వెనక జీడిమామిడి చెట్టు పంగలో అంకాలమ్మ ఉంది. చింపిన చీర ముక్కతో ఎవరో ఆమెను కొమ్మకు గట్టిగా కట్టేశారు.

“ఆ పిల్లే ఎక్కించిందిరా,” అంది ముసలమ్మ, కొడుకు కిందికి దించుతుంటే. “నేనే దేక్కుంటా పోయి కట్లు విప్పినా. పారిపోమ్మే అంటే ఇన్లేదు. నన్ను వీపునేసుకోని ఎక్కించింది. తను ఎక్కేలోగా నీళ్లు లాక్కోని పోయినాయి.”

కాలవ ఒడ్డున కంపచెట్లలో ఆమె శవం దొరికింది. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయి.

కామాక్షయ్య ఆమెను ఎత్తుకొచ్చి మెరక మీద పడుకోబెట్టాడు. కప్పడానికి గుడ్డపేలిక కూడా మిగల్లేదు. తన తలగుడ్డ విప్పి కప్పాడు.

కొంతసేపటికి ఆడవాళ్లూ బిడ్డలూ బండిబాటన తిరిగొచ్చారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. వాళ్లతో టీచరమ్మ రెబెక్కమ్మ కూడా వచ్చింది.

“నువ్వు పంపిన మనిషిని నేను నమ్మలేదమ్మా,” అన్నాడు కామాక్షయ్య.

రెబెక్కమ్మ వంగి ఆ ముఖం చూసింది.

“నేనెవర్నీ పంపలేదయ్యా. ఈమెను నేనెప్పుడూ చూడలేదు. తుఫాను సంగతి మీవాళ్లు వచ్చి చెబితేనే నాకూ తెలిసింది.”

అంతలో కాలవలో నడుం లోతు నీళ్లలో ఒక ముసలివాడు దాటి వస్తూ కనిపించాడు. తాటిదొరువు ముత్యాలయ్య. మిగిలిన మగవాళ్లు చేతికందిన కర్రలు అందుకున్నారు.

ఆయన వాళ్లెవరినీ పట్టించుకోలేదు. తిన్నగా వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

“పోర్టులో తుఫాను జెండా ఎక్కించినారని మాకు నిన్న తెల్లారే తెలిసింది,” అన్నాడు. “ఊరు ఊరంతా మెరకకి పోయినాం. మీకు మాత్రం చెప్పగూడదని ఒట్టేసుకున్నాం.”

కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“ఎవురు పెద్దాయనా ఈమె?” అన్నాడు కామాక్షయ్య.

ముత్యాలయ్య ఆమె ముఖం మీది ఇసుకను అరచేత్తో తుడిచాడు.

“నా కోడలు. మునెయ్య పెళ్లాం.”