మేక గిన్నె

తన ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఊరికి తెలిసిపోతుందేమోనని అనసూర్య భయం. అంతకన్నా పెద్ద భయం ఆమెకు ఇంకొకటి లేదు.

"గింజలు పట్టుకొని గట్లనే నిలబడ్డవేంది చెల్లె, పెట్టు," అన్నాడు కైలాసం.

అతను మెట్‌పల్లిలోని ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి. పంచాయతీ ఆఫీసు ముందర ఊరి పటమంతా ముగ్గుతో గీయించాడు. వీధికో గీత, ఇంటికో గడి. ఎవరి గడిలో వాళ్లే చింతగింజలు పెట్టాలి. ఏడాదిలో ఎన్ని నెలల తిండి ఉంటే అన్ని గింజలు. పశువులుంటే ఒక్కోదానికి ఒక్కో వేపాకు. ఆరు గింజల లోపు ఉన్న ఇళ్లకు పంచాయతీ, సంస్థ కలిసి రోజూ అంబలి పోస్తాయి. పంచాయతీ ఇచ్చిన పడావు పడ్డ బీడు భూమిలో ఊరి మహిళా సంఘం వాళ్లు పండించిన జొన్నలు అప్పటికే ఆఫీసు గదిలో బస్తాలకెత్తి ఉన్నాయి.

అనసూర్య వంగి పన్నెండు గింజలు పెట్టింది.

"ఆమెకేం తక్కువ? మొగడు దుబాయిల ఉన్నడాయె," అంది సంఘంలోని లస్మవ్వ.

ఆ మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఏడు నెలలైంది.

"పన్నెండు నెలలకూ ఉన్నయా బిడ్డా?" అడిగింది బాలవ్వ. ఆమెది చెరువవతలి వాడ. ఊరికి కోడలిగా వచ్చి మూడేళ్లయినా అనసూర్య అటువైపు ఎన్నడూ పోలేదు.

"పన్నెండూ ఉన్నయవ్వా."

ఈలోపు చంకలోని పాప కిందికి జారి ఒక చింతగింజ తీసి నోట్లో వేసుకుంది. ఉమ్మమంటే దవడలు బిగబట్టింది. అనసూర్య వేలు పెట్టి గింజ బయటికి లాగి, కొంగుకు తుడిచి, మళ్లీ గడిలో పెట్టింది. పాప ఏడుపందుకుంది.

"ఆకలికి గాదు. పళ్లొస్తున్నయి, గందుకే," అంది అనసూర్య, ఎవరూ అడగకుండానే. మిగతా ఇళ్ల వాళ్లు గింజలు పెట్టేదాకా ఆగకుండా ఇంటికి పోయింది.

సాయంత్రం ముగ్గు చెరిగిపోకముందే కైలాసం ఆ పటాన్ని పెద్ద కాగితం మీదికి ఎక్కించాడు. ఆకుకు ఆకు, గింజకు గింజ. కాగితం చుట్టి ఆఫీసు గదిలో బీరువా మీద పెట్టాడు.

అంబలి పోసే పని అనసూర్యకు వచ్చింది. ఏడో తరగతిలో చదువు ఆగిపోయినా పేర్లు చదవగలదు.

"కడుపు నిండినోళ్ల చేతులనే గంటె ఉండాలె. గప్పుడు ఫికరుండది," అంది లస్మవ్వ.

రోజూ అందరికన్నా చివర బాలవ్వ రెండు గిన్నెలతో వచ్చేది.

"నాకొకటి, నా మేకకొకటి."

"మేకకు అంబలేందవ్వా?"

"ఈనింది. పాలు పడుతలేవు. నాకు జర తక్కువ వోసినా సరే, దానికి నిండ వొయ్యి."

కుండ కడిగే వేళకు మేక గిన్నె తిరిగొచ్చేది, నిండుగా.

"మూతి పెట్టలే. పారవోస్తె పాపం. నువ్వు తీస్కపోయి మీ కోళ్లకు వొయ్యి."

అనసూర్య గిన్నె మీద కొంగు కప్పి తీసుకుపోయేది. కోళ్లను అమ్ముకొని అప్పటికి ఆరు నెలలు.

మేకకు రోజూ ఏదో ఒకటి. ఒకనాడు అజీర్తి, ఒకనాడు అలక, ఒకనాడు అంబలిలో ఉప్పు తక్కువైందని కోపం. అనసూర్య పైకి అయ్యో అనేది. లోపల మాత్రం ఆ మేకకు నయం కావద్దని మొక్కుకునేది. నోరులేని జీవి ఉసురు పాపకు తగులుతుందేమోనని మళ్లీ అదో భయం.

ఇరవయ్యో రోజున సంస్థ నుంచి నిర్మలాదేవి మేడం తనిఖీకి వచ్చింది. బాలవ్వ రెండో గిన్నె చాచడం చూసింది.

"ఇది ఎవరికి?"

"మేకకు," అంది బాలవ్వ, తలెత్తకుండా.

"మనుషులు తినే గింజ మేకకా? ఏంది కైలాసం ఇది? రేపటి నుంచి బంద్."

కైలాసం చేతిలోని కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. లస్మవ్వ దగ్గింది. అనసూర్యే గంటె కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఈనిన మేక మేడం. తల్లికి పాలు లేకుంటె పిల్ల ఎట్ల బతుకుతది?"

ఆ మాటకు నిర్మలాదేవి కొంచెం మెత్తబడింది.

"సరే. పటంలో ఆమె ఇంటికి ఆకు ఉంటే పోయండి. లేకుంటే లేదు. పటం తెండి."

"నేను తెస్త," అని కైలాసం గబుక్కున లేచాడు. "నువ్వుండు చెల్లె."

"ఆగు బిడ్డా, నువ్వు పోకు," అంది బాలవ్వ కూడా.

అనసూర్య అప్పటికే గదిలోకి పోయింది. బీరువా మీది కాగితం చుట్టను దించి జొన్న బస్తాల మీద పరిచింది. చెరువవతలి వాడ. మూడో ఇల్లు. బాలవ్వ పేరు, రెండు గింజలు. ఆకు లేదు. అటూ ఇటూ వెతికింది. ఆ వాడ మొత్తంలో ఒక్క మేకా లేదు.

ముసలామె ఇన్నాళ్లూ అబద్ధమాడిందన్నమాట. ఇక రేపు గిన్నె రాదు. పాపకు ఏం పెట్టాలి?

కైలాసం పెన్సిల్ బీరువా మీదే ఉంది. ఒక్క ఆకు గీస్తే చాలు. అనసూర్య పెన్సిల్ తీసుకుంది. ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసి, మళ్లీ పటం వైపు తిరిగింది. అప్పుడు తన ఇల్లు కనబడింది.

అందులోని పన్నెండు గింజలూ కొట్టేసి ఉన్నాయి. పక్కన ఒకే ఒక్క గింజ గీసి ఉంది. దాని చుట్టూ సంఘం ఆడవాళ్ల వేలిముద్రలు. కింద కైలాసం చేతిరాత. అనసూర్య పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది.

"ఈమె అడగదు, రోజూ ఎవరో ఒకరు చూసుకోండి."