గంటకు చుట్టిన గుడ్డ

"సొరుగు పట్టేస్తోంది, అదొక్కటి చూడవయ్యా చాలు. గంట జోలికి పోకు," అంది కొట్టు యజమాని భార్య, గొంతు తగ్గించి. భర్త పక్కనే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు.

మెకానిక్ అప్పటికే ఆ పాత క్యాష్ మిషన్ వెనక రేకు విప్పేశాడు. "సొరుగు తెరిస్తే యజమానికి వినబడాలనే కదక్కా దీనికి గంట పెట్టింది?"

ఆ సంగతి ఆమెకు తెలుసు. పెళ్లయిన ఏడాదే ఆ గంట మూగబోయింది. అప్పట్నుంచీ తమ్ముడి చదువుకనీ అమ్మ మందులకనీ పుట్టింటికి పంపిందంతా ఆ సొరుగులోదే. ఇరవై ఏళ్లలో ఆయనకు పిసరంత అనుమానం కూడా రాలేదని ఆమెకు లోలోపల కాస్త గర్వం.

"గంట పాడవలేదక్కా. దాన్ని కొట్టే సుత్తికి ఎవరో గుడ్డ చుట్టారు," అంటూ మెకానిక్ నీలిగళ్ల పీలిక ఒకటి బయటికి లాగాడు.

ఆ గళ్లు ఆమె ఎరుగును. మేకు తగిలి చిరిగిందని చెప్పి, ఆయన అప్పట్లో ఆమె చేతే మాసిక వేయించుకున్న చొక్కావి.

"బాగా చివికిపోయింది సార్. ఇదే మళ్లీ చుడితే రేపో మాపో గంట మోగుతుంది," అన్నాడు మెకానిక్.

ఆయన పేపరు దించకుండానే జేబులోంచి రుమాలు తీసి అందించాడు.

"ఇది చుట్టు. మీ అక్కకి చప్పుళ్లు పడవు."