తాండా పలకరింపు

"ఛీ అనుడేందే పుష్పా? కొత్తగొచ్చే పిల్ల నిన్ను ఛీ కొడతదా?" పక్కింటి ద్వాలి నోరు తెరిచింది.

పుష్ప పడీపడీ నవ్వింది. "వియత్నాం భాషల అక్కను 'చీ' అంటరు పెద్దమ్మా. తను నాకు 'చావో చీ' అంటది. నేను 'చావో ఎమ్' అనాలె. చెల్లెకు నమస్తే చెప్పినట్టు. వాళ్లు గూడ మన లెక్కనే, వరస పెట్టకుండ పలకరియ్యరు."

"ఎవరు నేర్పిండ్రు?"

"మా కోటేషే, ఫోన్ల."

అంగన్‌వాడీ టీచర్ పుష్ప, తల్లి లేని తమ్ముడు కోటేష్‌ను తనే పెంచింది. వాడు వియత్నాంలో ఉద్యోగానికి పోయి లాన్ అనే పిల్లను పెళ్లాడితే ఏడాదిపాటు మాట్లాడలేదు. పెంచినామె కోపం అంత తేలిగ్గా పోదు మరి. ఇప్పుడు కోపం పోయి భయం పట్టుకుంది. మొదటి పలకరింపే తేడా వస్తే ఆ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కుతుందా? అందుకే రొట్టెలు చేస్తూ కూడా 'చావో ఎమ్' అనుకుంటూనే ఉంది.

కోటేష్ కిందటిసారి ఫోన్లో ఊరించాడు. "మన తాండా పలకరింపు దానికి నేర్పిన అక్కా. చాన్నాళ్లకు కలిసిన చుట్టాల తీరు నీ మెడ పట్టుకొని ఏడుస్తది చూడు!"

ఆ తర్వాత వాడి ఫోన్ కలవలేదు. టికెట్ల హడావిడిలో ఉన్నాడని భర్త చందూలాల్ చెప్పాడు. వాళ్లను తీసుకురావడానికి హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు కూడా అతనే వెళ్లాడు.

మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. చందూలాల్ వెనకే లాన్ ఒక్కతే దిగింది.

"మా తమ్ముడేడి?"

"వెనక బండిల వస్తుండు," చందూలాల్ డిక్కీ తెరుస్తూ అన్నాడు.

పుష్ప గొంతు సవరించుకుంది. "చావో ఎమ్!"

లాన్ ఒక్క ఉదుటున వచ్చి ఆమె మెడ కావలించుకుంది. "చీ... చీ..." అంటూ భోరుమంది. తాండా అంతా నివ్వెరపోయింది.

"అబ్బో! మన ఆడోళ్లకు గూడ గిట్ల రాదే!" ద్వాలి బుగ్గలు నొక్కుకుంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పుష్ప పొంగిపోయి తనూ ఏడుపు రాగం అందుకుంది.

లాన్ మాత్రం వదలడం లేదు.

"చాలు చెల్లె, మస్తు నేర్చుకున్నవ్. వాడు చూస్తే నవ్వుతడు," పుష్ప ఆమె వీపు నిమిరింది.

అంతలో అడవి మలుపులో దుమ్ము లేచింది. "వచ్చిండు, మా తమ్ముడు వచ్చిండు!" పుష్ప బంతిపూల దండ అందుకుని ఎదురు పరుగెత్తింది.

వెనక వచ్చిన బండి అంబులెన్సు.