జర ఉరుకుతున్నది

తిరుగుతున్న రికార్డు అంచు మీద ముసలాయన మెల్లగా వేలు పెట్టాడు.

"చెయ్యి తియ్యి!"

సుధారాణి అరిచిన అరుపుకు గఫూర్ పాత సామాన్ల దుకాణంలో ఇత్తడి బిందెలు కూడా ఉలిక్కిపడ్డాయి.

ముసలాయన వేలు తీసేశాడు. మూలిగి కుంగిన పాట మళ్లీ లేచి నిలబడింది.

"హుఁ... తప్పయిందమ్మా. జర ఉరుకుతున్నదని..."

మాట్లాడే ముందు 'హుఁ' అని గొంతు సవరించుకోవడం ఆయన అలవాటులా ఉంది.

"ఎవరు గఫూర్ ఈయన?"

"బీరయ్య అని, మా దుకాణంల గోనె సంచులు కుడతడు మేడం. మంచోడే."

"మంచోడైతే సంచులు కుట్టుకోమను. రికార్డు జోలికెందుకు?"

సుధారాణి కోపంలో న్యాయం లేకపోలేదు. ఈ రికార్డు కోసం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సులో నిలబడి వచ్చిన మనిషి ఆమె. ఆమె ఇంట్లో పప్పు డబ్బాల కంటే పాత పాటల రికార్డులే ఎక్కువ. పెద్ద రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాలి, చిన్నది నలభై అయిదు. ఈపాటి తెలియనివాళ్లను ఆమె మనుషుల్లో జమ కట్టదు.

ఇది చిన్నది. పేర్లున్న కాగితాన్ని చెదలు తినేశాయి. గొంతును మాత్రం దయతలచి వదిలేశాయి.

యక్షగానం పాట. అడవిలో తప్పిపోయిన రాణి, కనబడ్డ చెట్టునల్లా ఇంటికి దారి అడుగుతోంది. సన్నటి గొంతు, తడి ఆరని గొంతు. వింటుంటే బజారు, ఆటోల మోత, గఫూర్ తూకపు రాళ్లు అన్నీ ఎక్కడో నీళ్ల అడుగుకు జారిపోయాయి.

పాట మొదలయ్యే ముందు 'కిచ్' మని చిన్న చప్పుడు. గీత పడినట్టుంది, పోనీలే అనుకుంది.

"ఎవరో ఈమె!" పాట అయిపోయాక తనలో తానే అనుకున్నట్టు పైకే అంది.

"హుఁ... పెద్ద పేరున్నోళ్లు కాదమ్మా," అన్నాడు బీరయ్య, దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ. "నాలుగో చరణంల దమ్ము తప్పింది. మల్లొకసారి పాడుతమంటే ఆ రికార్డోళ్లు ఇననే లేదు."

"దమ్ము తప్పిందా! ఇసొంటి గొంతుకు వంక పెడుతున్నవా తాతా? ఏదీ, నువ్వొక చరణం పాడు, ఇంటం."

"హుఁ... గిప్పుడేడ పాడుతనమ్మా. పండ్లన్ని ఊడినయి."

"పండ్లున్నప్పుడు పాడినట్టే!"

గఫూర్ నవ్వాడు. బీరయ్య కూడా నవ్వి, సంచి మీదికి వంగాడు.

ఆ గాయని ఎక్కడున్నా వెతకాలి. తన ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆమె పాట ఆమెకే వినిపించాలి. రికార్డు కొని ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి సుధారాణికి అదొక్కటే పని. పాడినామె బతికుంటే డెబ్బై దాటి ఉంటుంది. ఆలస్యం చేసే వయసు కాదది.

మహమ్మద్‌నగర్ వెళ్లింది. బీర్కూర్ వెళ్లింది. అక్కడ పోచవ్వ అనే ముసలామె "గది పాడింది నేనే బిడ్డా" అని అడగ్గానే ఒప్పేసుకుంది. ఒక చరణం పాడించుకున్నాక సుధారాణి ఆమె చేతిలో అరటిపండ్లు పెట్టి, దండం పెట్టి, కనబడ్డ బస్సెక్కేసింది.

"ఆమె దొరికితే ఇంట్లనే పెట్టుకుంటవా ఏంది?" అన్నాడు భర్త చక్రధర్.

"పెట్టుకుంట. నీ లెక్క పప్పుల ఉప్పు తక్కువైందని అనదు."

మధ్యాహ్నాలు వంటిల్లు సద్దుమణిగాక, కిటికీ ఎండలో దుమ్ము నిదానంగా తేలుతుంటే, రాణి వచ్చి దారి అడిగేది. సుధారాణి కళ్లు మూసుకునేది. ముక్కుపుడక కనిపించేది. కాసంత బొట్టు, పొడవాటి జడ. తనకు లేని చీరలన్నీ రోజుకొకటి చొప్పున ఆ రాణికి కట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు చారులో పోపు పెడుతుండగా చెయ్యి ఆగింది.

'మల్లొకసారి పాడుతమంటే ఇననే లేదు' అన్నాడు కదా ఆ తాత! అంటే ఆ పాట పట్టిన రోజు అక్కడే ఉన్నాడన్న మాట. ఆమె ఊరేదో ఆయనకు తెలియకుండా ఉంటుందా?

రోషాన్ని పోపుల డబ్బాలో పెట్టి మూత వేసి, ఎల్లారెడ్డి బస్సెక్కింది.

దుకాణం ముందు బెంచీ ఖాళీగా ఉంది. సగం కుట్టిన సంచి. దానికి గుచ్చిన దబ్బనం.

"బీరయ్య తాత ఏడి గఫూర్?"

"పోయి పన్నెండొద్దులాయె మేడం. నిద్రల్నే పోయిండు."

సుధారాణి బెంచీ మీద కూలబడింది.

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన."

"ఆయన గూడ మీకొక మాట చెప్పుమన్నడు. నాకైతే సమజ్ కాలే." గఫూర్ గుర్తు చేసుకున్నాడు. "'ఆ అమ్మ మల్లొస్తే చెప్పు. ప్లేటు చిన్నదే గని, పెద్దదాని లెక్క నిదానంగ తిప్పుమను. దాన్ని గట్లనే చేసిండ్రు' అన్నడు."

చిన్న రికార్డును ముప్పై మూడు మీద తిప్పాలట! చచ్చిపోయిన మనిషి మీద విసుక్కోకూడదు కాబట్టి, దారి పొడుగునా కిటికీ మీద విసుక్కుంది.

ఇల్లు చేరి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి, రికార్డు మిషను మీది వేగం పుల్లను నలభై అయిదు నుంచి ముప్పై మూడుకు జరిపి సూది దించింది.

ఈసారి పాట ఉరకలేదు.

తాను గీత అనుకున్న ఆ 'కిచ్' చప్పుడు, నిదానంగా, 'హుఁ' అని గొంతు సవరించుకుని, బీరయ్య కంఠంతో ఇంటికి దారి అడిగింది.